అన్నం తిన్న ఇంటికే టికెట్టు

పార్టీ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఈ మధ్య మా ఇంటికి వస్తున్నారు. చాయ్ తాగుతారు, నా ఆరోగ్యం అడుగుతారు, అటూ ఇటూ తిరిగి చివరికి అసలు సంగతికి వస్తారు. "తాతా, మీ కాలంల టికెట్ ఎవరికియ్యాల్నో ఎట్ల తేల్చేటోళ్లు?" అని. వాళ్లను కూడా ఇప్పుడు ఊళ్ల మీదికి పంపుతున్నారట. ఎన్నికలకు ముందు వెళ్లి, టికెట్ అడిగేవాళ్లలో జనం ఎవరిని కోరుకుంటున్నారో తెలుసుకుని రావాలి. నేను జీవితమంతా చేసిన పని అదే.

సిద్ధాంతం చూసేవాళ్లం, త్యాగం చూసేవాళ్లం అని చెబుతానని ఎదురుచూస్తారు. ముందు మేం ఎక్కడ భోజనం చేశామో అడగండి అంటాను. ముసలాయనకు చాదస్తం వచ్చిందని నవ్వుకుంటారు. నవ్వే సంగతి కాదు కాబట్టి రాసి పెడుతున్నాను. ఏ కమిటీలో ఎప్పుడు ఉన్నానో, ఎవరితో నాకు పడలేదో ఇందులో ఉండదు. ఆ చెత్త మీకు ఎలాగూ అంటుకుంటుంది, నేను అంటించక్కర్లేదు.

టికెట్టాయన

నేను ఈ పనిలోకి దిగింది మొదటి సాధారణ ఎన్నికల ముందు. అంతకు ముందు కొన్నేళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్నాను. తుపాకీ పట్టింది తక్కువ. ఊరికీ దళానికీ మధ్య కబుర్లు మోయడం, సంఘం మీటింగులు పెట్టడం నా వంతు. తరువాత పట్టుబడ్డాను, వరంగల్ జైలులో ఉన్నాను, ఎన్నికల మాట వచ్చేసరికి వదిలారు. పార్టీ మీద నిషేధం ఇంకా ఉంది కాబట్టి మావాళ్లు వేరే పేరుతో నిలబడుతున్నారు. సగం మంది జైళ్లలో, కొందరు ఇంకా అడవిలో. ఉన్న కొద్దిమందిమి తాలూకాలు పంచుకున్నాం.

కాగితం మీద నా పేరు పరిశీలకుడు. ఊళ్లలో మాత్రం "టికెట్టాయన" అనేవాళ్లు. టికెట్టు అంటే రైలుదే తెలుసు వాళ్లకు. ఒక ముసలమ్మ నన్ను ఖాజీపేటకు ఎంత తీసుకుంటావని అడిగింది కూడా.

నన్ను పంపింది సత్తెన్న. వరంగల్ ఆఫీసు ఆయన చేతిలో ఉండేది. సన్నటి మనిషి, ఎప్పుడూ పొడుం పీలుస్తూ ఉండేవాడు, మాట్లాడితే కొరడా దెబ్బే. "నర్సిగా, ఊర్లకు పొయ్యి ఉపన్యాసాలు ఇయ్యకు. నోరు మూస్కొని చెవులు తెర్వు. ఊరి మాట తే, నీ మాట తేకు" అని చెప్పి పంపాడు. ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. ఆయనను చూసి సిగ్గుపడినంత కూడా మరెవరినీ చూసి సిగ్గుపడలేదు. అది తర్వాత చెబుతాను.

భూపాలపల్లి వైపు

మొదట పోయింది భూపాలపల్లి వైపు. ఇప్పుడు చెల్పూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు చూసే మీకు ఆ తావు ఎలా ఉండేదో చెప్పినా నమ్మరు. చెల్పూరు దాటితే బండిబాట, బాట దాటితే అడవి. ఒక గూడెం లాంటి ఊళ్లో పెద్దమనుషులు ఇప్పచెట్టు కింద కూర్చున్నారు. అసెంబ్లీ అంటే ఏమిటో, అక్కడ మన మనిషి ఎందుకు ఉండాలో నేను చెప్పుకుంటూ పోయాను. అంతా విన్నారు. పెద్దాయన ఒకాయన అడిగాడు.

"పట్నం పోయినోడు మళ్ల ఎప్పుడొస్తడు?"

"ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ కూర్చోవాలి" అన్నాను.

"మరి ఆయన దున్నుడు ఎవలు దున్నాలె?"

వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని, వెనక కూర్చున్న ఒక మధ్యవయసు మనిషిని ముందుకు తోశారు. "గీనెను తీస్కపో. మంచోడే. మాటలు మస్తు చెప్తడు, నాగలి పట్టుడు మాత్రం శాతగాదు" అన్నారు. ఆ మనిషి కూడా నవ్వాడు, వాళ్లావిడ అందరికంటే గట్టిగా నవ్వింది.

నేను తలకొట్టుకున్నాను అప్పట్లో. తరువాత ఆలోచిస్తే, నా జన్మలో చూసిన అతి నిజాయితీ గల ఎంపిక అది. వాళ్ల మనిషిని వాళ్లే తూచుకున్నారు. నన్ను చూసి ఎవరూ మాట మార్చలేదు. ఎందుకంటే నేను ఎవరింటా దిగలేదు, ఆ చెట్టు కిందే అందరితో పాటు అంబలి తాగాను. కావాలని అలా చేయలేదు. అక్కడ దిగడానికి పెద్దిల్లు ఏదీ లేదు, అంతే.

ఏసోబు

అక్కడి నుంచి జనగామ వైపు వచ్చాను. బచ్చన్నపేట చుట్టుపక్కల ఒక ఊరు. పేరు రాయను, వాళ్ల మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ ఊరు నాకు కొత్త కాదు. పోరాటం రోజుల్లో ఆ చుట్టుపక్కలే తలదాచుకున్నాను. నన్ను బతికించింది ఏసోబు, వాళ్లమ్మ రూతమ్మ.

వాళ్లది మాదిగ కుటుంబం. ఏసోబు తాత కాలంలో మిషనోళ్ల దగ్గర కిరస్తానం తీసుకున్నారు. ఏసోబు మిషను బడిలో కొంత చదివాడు, చదవడం రాయడం వచ్చు. దొర కోటలాంటి గడిలో ఇక వెట్టి చెయ్యం అని ఆ ఊళ్లో మొదట అన్నది అతనే. గడి మనుషులు కొట్టి ఊరి బయట పడేస్తే, లేచి కూర్చుని మళ్లీ అదే మాట అన్నాడట. దొర పట్నం పారిపోయాక చెరువు కింది దొర పొలాన్ని సంఘం పంచింది. ఏ ఇంటికి ఎంత అన్న దగ్గర గొడవ పడని ఊరు నాకు తెలిసి అదొక్కటే, ఎందుకంటే పంచింది ఏసోబు. తన వాడకు ముందు ఇచ్చుకోలేదు, చివర కూడా పెట్టలేదు. గొల్లలు, కాపులు, మాదిగలు పక్కపక్క మళ్లలో నాట్లు వేశారు.

రూతమ్మ గడ్డిమోపులో గటుక ముంత పెట్టుకుని చెరువు అవతల తుమ్మల్లోకి తెచ్చేది. జొన్నరవ్వతో వండిన గటుక, ఒక్కోసారి ఉల్లిగడ్డ. మాది కాపు ఇల్లు. మా అమ్మ బతికి ఉంటే, ఎవరి చేతి తిండి తింటున్నావురా అని గుండె బాదుకునేది. మాకు అదేమీ గుర్తు కూడా రాలేదు. ఒకే ముంతలో చేతులు పెట్టి తిన్నాం. కులం పోయిందని అనుకున్నాం, గర్వంగా అనుకున్నాం.

నిజాం మీదికి సైన్యం వచ్చాక దొర తిరిగి వచ్చాడు. పోలీసుల అండతో పొలం నాదేనన్నాడు, దావా వేశాడు. జనం ఇంకా పొలం మీదే ఉన్నారు, కానీ కాళ్ల కింద నేల కదులుతున్నట్టే ఉంది వాళ్లకు. ఆ సమయంలో ఎన్నికలు వచ్చాయి. ఎన్నిక అంటే వాళ్లకు ఒకటే అర్థం. ఆ చెరువు కింది పొలం గురించి పట్నంలోని పెద్ద కచ్చీరులో, అంటే అసెంబ్లీలో, నిలబడి మాట్లాడే మనిషి కావాలి.

ఇద్దరు

అక్కడ టికెట్ అడిగేవాళ్లు ఇద్దరు. ఒకరు ఏసోబు, ఇంకొకరు రాజిరెడ్డి.

రాజిరెడ్డిని దుర్మార్గుడిగా చూపించి నేను తప్పించుకోను. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, సంఘం తరఫున జైలుకు పోయాడు. ఆయన ఇంటి గాదె ఎన్నోసార్లు మాకోసం తెరుచుకుంది. కానీ ఆ దొర ఆయన భార్యకు మేనమామ. అది అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

బయలుదేరే ముందు సత్తెన్నను అడిగాను, ఏసోబు అయితే ఎలా ఉంటుందని. పొడుం డబ్బీ మూత పెట్టి అన్నాడు.

"నర్సిగా, హరిజనుల సీటు వేరే ఉన్నది. దానికి ఏసోబు పనికిరాడు, కిరస్తానపోడని కాయిదం తిప్పి పంపుతరు. జనరల్ సీటుకంటవా, గక్కడ మాదిగోడని అంటరు. సర్కారుకేమో ఆయన మాదిగ కాదు, ఊరికేమో మాదిగ తప్ప వేరే కాదు. ఎట్ల చేస్తవో చెయ్యి. ఊరు గట్టిగ అడిగితే మాత్రం నేనిస్త."

ఊరు గట్టిగా అడిగితే ఇస్తానన్నాడు. ఆ మాట గుర్తుంచుకోండి. అంటే అంతా నేను తెచ్చే మాట మీదే ఉంది.

ఊరు ఏసోబునే అడుగుతుందని నాకు తెలుసు. బచ్చన్నపేట సంతలో, జనగామ స్టేషను బయట ఎవరిని కదిలించినా "ఏసోబన్ననే గదా" అన్నారు. కాపులూ అన్నారు, గొల్లలూ అన్నారు. పొలం పంచిన చెయ్యి ఎలాంటిదో వాళ్లు చూశారు.

ఆ మధ్యాహ్నం

ఇక్కడ మీకు ఒక ఆచారం గురించి చెప్పాలి. మా వైపు ఊళ్లలో వెనకటి నుంచీ, ఇద్దరి మధ్య తగాదా తీర్చడానికి రెవెన్యూ గిర్దావరో, దొర పంపిన మనిషో వస్తే, ఆయన పంచాయితీలో ఏం చెబుతాడా అని ఎవరూ ఎదురుచూసేవాళ్లు కాదు. ఎవరింట్లో విస్తరి వేశారో చూసేవాళ్లు. ఆయన ఎవరింట్లో అన్నం తింటే తీర్పు వాళ్లది. రెండోవాడు పంచాయితీకి రాకుండా పొలానికి పోయేవాడు, లేదా వచ్చి కాళ్లు పట్టుకునేవాడు. నేను ఆ ఊళ్ల మధ్య పుట్టి పెరిగాను. చిన్నప్పుడు మా నాయిన ఒక గట్టు తగాదాలో ఇలాగే, అవతలివాళ్ల ఇంట్లో పొగ లేవడం చూసి కండువా దులుపుకుని లేచి వచ్చేశాడు. కాబట్టి తెలియక చేశానని చెప్పడానికి నాకు వీలులేదు.

జనగామ స్టేషనులో రైలు దిగేసరికి రాజిరెడ్డి పంపిన కచ్చడం ఎద్దుబండి సిద్ధంగా ఉంది. ఎక్కాను. ఎండ, దూరం, కాళ్లనొప్పులు, సాకులకు కరువా. ఊరి మొదట్లో ఏసోబు నిలబడి ఉన్నాడు. ఉతికిన అంగీ వేసుకున్నాడు. బండి ఆగింది.

"నర్సన్నా, మంచిగున్నవా? అవ్వ కోణ్ణి కోసింది. నీ కోసమని పొద్దుగాల్నే లేచి వండింది. కాళ్లు కడుక్కొని రా, తిన్నంక మీటింగు పెట్టుకుందం."

నేను బండిలోనే ఉన్నాను. నా పక్కన రాజిరెడ్డి బామ్మర్ది ఉన్నాడు. వీధి అరుగుల మీద రెడ్లు, కాపులు కూర్చుని చూస్తున్నారు. వాళ్ల ముందు బండి దిగి, ఏసోబు వెంట ఆ వాడలోకి నడవాలి. అడవిలో ఎన్నిసార్లు నడిచానో. కానీ అడవిలో ఎవరూ చూసేవాళ్లు లేరు. ఆ క్షణంలో నా కాళ్లు లేవలేదు.

"సాయంత్రం వస్త ఏసోబూ. మీటింగు అయినంక తప్పకుండా వస్త" అన్నాను.

"సరే అన్నా" అని పక్కకు జరిగాడు.

అంటు అని నేను అనుకోలేదు, ఆ మాట ప్రమాణం చేసి చెబుతాను. కానీ చూసేవాళ్లు ఏమనుకుంటారో అనుకున్నాను. మన మనిషి గెలవాలంటే పెద్దకులాల ఓట్లు కావాలి కదా, ఇప్పుడే వాళ్లను బెదరగొట్టడం ఎందుకు, ఇది ఎత్తుగడ అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎత్తుగడ అన్న మాటను మా పార్టీలో ఎన్ని సిగ్గుమాలిన పనుల మీద కప్పామో లెక్కపెడితే ఒక దుప్పటి సరిపోదు.

రాజిరెడ్డి ఇంట్లో అరటాకు వేశారు. సన్నబియ్యం అన్నం, నెయ్యి, పప్పు, వంకాయ కూర. ప్రహరీ తలుపు బార్లా తెరిచే ఉంది. దారిన పోయేవాళ్లు పోతూనే ఉన్నారు, ఒక్కొక్కరూ లోపలికి చూసి పోతున్నారు. నేను రెండోసారి పెరుగు వేయించుకున్నాను. ఆ పెరుగు రుచి ఇప్పటికీ గుర్తుంది.

మీటింగు బడి వరండాలో. జనం బాగానే వచ్చారు. నేను సత్తెన్న నేర్పినట్టు, ఉపన్యాసం లేకుండా, నెమ్మదిగా అడిగాను. "మన తరఫున ఎవరు నిలబడితే బాగుంటదో మీరే చెప్పండి. మీ మాటే పార్టీ మాట."

ఎవరూ మాట్లాడలేదు. ముందు వరసలో బీరయ్య అనే కురుమ ముసలాయన ఉన్నాడు. పోరాటంలో కొడుకును పోగొట్టుకున్నాడు, ఎవరికీ భయపడే మనిషి కాదు. ఆయనను చూసి, "బీరయ్య తాతా, నువ్వు చెప్పు" అన్నాను.

"మేం చెప్పేదేమున్నది బిడ్డా. నువ్వు చెప్పినవ్ గదా."

"నేనేం చెప్పలేదు తాతా. మిమ్మల్నే అడుగుతున్న."

"చెప్పినవ్. ఇందాక బువ్వ తిన్నప్పుడే చెప్పినవ్" అన్నాడు. వెటకారం ఏమీ లేదు ఆ గొంతులో. తీర్పు విన్న మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

అప్పుడైనా లేచి, తప్పయింది, నేను తిన్న చోటుకూ మీ మాటకూ సంబంధం లేదు, ఏసోబు పేరు కూడా ఉంది అని చెప్పవచ్చు. చెప్పలేదు. రాజిరెడ్డి పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఆయన పెట్టిన అన్నం ఇంకా అరగలేదు. ఇంతలో వెనక నుంచి ఏసోబు లేచాడు.

"రాజిరెడ్డి పటేలు నిలబడితేనే మంచిగుంటది. మా వాడోళ్లమంత ఆయనకే ఏస్తం" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. మొదట కొట్టింది రాజిరెడ్డి. నేనూ కొట్టాను.

ఏసోబు అలా ఎందుకన్నాడని చాలా ఏళ్లు ఆలోచించాను. భయపడి కాదు. పార్టీ తేల్చేసిందని అనుకున్నాడు, తేల్చాక ఊరు రెండుగా చీలకూడదనుకున్నాడు. నా పరువు కూడా కాపాడాడు. నేను అతనికి చేయనిది అతను నాకు చేశాడు.

సాయంత్రం వాడలోకి పోయాను, మాట ఇచ్చాను కదా. రూతమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి గోనెపట్టా పరిచింది.

"కూర సల్లారిపోయింది బిడ్డా. పోరగాండ్లు ఆకలైతున్నదంటే పెట్టిన. ఏమనుకోకు."

"అవ్వా, మీటింగు..." అని ఏదో చెప్పబోయాను.

"అడివిల ఉన్నప్పుడు గటుక కూడ నీకు రుచైతుండె. ఇప్పుడు మంచిగ తింటున్నవ్, మంచిగున్నవ్. గంతే సాలు" అంది. ఎత్తిపొడుపు అయితే తట్టుకునేవాడిని. ఆమె నిజంగానే అన్నది. ఏసోబు ఇంట్లో లేడు, పొలానికి నీళ్లు పెట్టడానికి పోయాడని చెప్పింది. నేను అక్కడ ఎంతోసేపు కూర్చోలేదు.

సత్తెన్న అడిగిన ప్రశ్న

వరంగల్ వచ్చి, ఊరు ఏకగ్రీవంగా రాజిరెడ్డిని కోరిందని చెప్పాను. ఏసోబే పేరు ప్రతిపాదించాడని కూడా చెప్పాను, అదేదో నా ఘనత అయినట్టు. సత్తెన్న అంతా విని ఒకటే ప్రశ్న అడిగాడు.

"అన్నం ఎక్కడ తిన్నవ్?"

నేను తల దించుకున్నాను. ఆయనకు అర్థమైపోయింది.

"గట్లయితే ఇది ఊరి మాట కాదు. నీ కడుపు మాట" అన్నాడు.

ఇంకోసారి పోయి అడుగుతానన్నాను. పోయి ఏసోబు ఇంట్లో దిగుతానన్నాను. ఇక్కడ సత్తెన్న గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఆయన పోయి చాలా కాలమైంది కాబట్టి ఆయనకు నొప్పి లేదు. పొడుం పీల్చి, "ఇగ వద్దులే. రాజిరెడ్డి దగ్గర బండ్లున్నయి, మనోళ్లకు అన్నం పెట్టేటందుకు ఇల్లున్నది. మంచిగనే గెలుస్తడు. నువ్వు మానుకోట దిక్కు పో" అన్నాడు.

నేను తప్పు చేశాను. ఆయన ఆ తప్పును తెలిసి వాడుకున్నాడు. పోరాటంలో ఏసోబు కావాలి, సీటు దగ్గర అక్కర్లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య అని మన పెద్దలు ఊరికే అనలేదు. మీకు పైవాళ్లు ఎంత తెలివైనవాళ్లు దొరికితే అంత జాగ్రత్తగా ఉండండి. తెలివిలేనివాడు మీ తప్పును చూడడు. తెలివైనవాడు చూసి జేబులో వేసుకుంటాడు.

గార్లలో సద్దిమూట

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. ఇక ఎవరింటా తినకూడదని ఒట్టు పెట్టుకుని, సద్ది కట్టుకుని మానుకోట మీదుగా గార్ల పోయాను. అక్కడ కూడా ఇద్దరు అభ్యర్థులు, ఒకాయన కిరాణా వర్తకుడు, ఇంకొకాయన రైతు. ఇద్దరూ భోజనానికి పిలిచారు, ఇద్దరికీ వద్దన్నాను. రైలు స్టేషను బయట బండ మీద కూర్చుని మూట విప్పాను.

సాయంత్రానికి ఊరంతా నా మీద కోపం. "మా ఇంట్ల నీళ్లు కూడ తాగనంటివి, మాకేమన్న రోగమా?" అని వర్తకుడు. "మమ్ముల నమ్మనోడు మా మాట ఏం తీస్కపోతడు?" అని రైతు. అంతవరకు ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరూ ఒక్కటై నా మీద పార్టీకి ఫిర్యాదు చేశారు. వాళ్లను కలిపిన ఘనత అయితే నాకు దక్కింది.

సద్దిమూట పరిష్కారమని మీకు చెబుదామనే ఈ సంగతి మొదలుపెట్టాను, కానీ కాదు. ఉపాయాలతో తప్పించుకోవచ్చని నేను అనుకున్నాను, అంతే. ఎవరింటికి పోవడానికి మీ కాళ్లు లేవడం లేదో, ముందు ఆ ఇంటికే పోండి. అక్కడ తిన్నాక మిగతావాళ్లందరి ఇళ్లలోనూ తినండి. నాకు తెలిసింది ఇంతే.

గెలిచాక

రాజిరెడ్డి గెలిచాడు, మంచి మెజారిటీతో. ఏసోబు ఎండలో ఊరూరా తిరిగి ఆయనకు ఓట్లు వేయించాడు. అసెంబ్లీలో రాజిరెడ్డి బాగానే మాట్లాడాడు. రోడ్ల గురించి, బావుల గురించి, బడుల గురించి. చెరువు కింది పొలం గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం, బంధువుల మధ్య సంగతి కదా, కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. కూర్చున్నారు. రాజీ అయింది. చెరువు కింది మళ్లు దొరకు పోయాయి, జనానికి గుట్ట వాలు చెలక మిగిలింది. రాళ్లు తప్ప ఏమీ మొలవని నేల.

ఏసోబు జనాన్ని వెంటబెట్టుకుని పోయి అడిగాడట. "ఎంతో కొంత మిగిలింది గదా ఏసోబూ, అదే పదివేలు" అన్నాడట రాజిరెడ్డి. నాట్లకు సిద్ధం చేసిన మళ్లలోంచి పోలీసులు వాళ్లను లేపినప్పుడు నేను అక్కడ లేను. పక్క తాలూకాలో ఇంకెవరికో టికెట్ గురించి తిరుగుతున్నాను. వార్త వినగానే పోవచ్చు. పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియలేదు.

మళ్లీ ఎన్నికలు

తరువాతి ఎన్నికలకు ఆ తాలూకా మళ్లీ నాకే వచ్చింది. నేనే అడిగి తీసుకున్నాను. ఈసారి పార్టీలో నా మాటకు విలువ పెరిగింది. ఏసోబుకే టికెట్ అని ముందే ఒప్పించుకుని, వాళ్లింట్లోనే దిగాలని, వాళ్లింట్లోనే తినాలని, అందరూ చూసేలా పగటిపూటే పోవాలని గట్టిగా అనుకున్నాను. జనగామలో బస్సు దిగి, బండి ఎక్కకుండా నడిచాను.

వాడలో సగం గుడిసెలకు తడికెలు కట్టి ఉన్నాయి. చెలక మీద బతకలేక కొందరు హైదరాబాదు పోయారు, కొందరు బొగ్గుబావుల వైపు పోయారు. రూతమ్మ అంతకు ముందు ఏడాది చనిపోయిందని చెప్పారు. ఏసోబు ఊరి బయట రోడ్డు పనిలో ఉన్నాడు. తల మీద తువ్వాల వేసుకుని కంకర కొడుతున్నాడు. నన్ను చూసి సుత్తె పక్కన పెట్టి, చోటు చూపించాడు. ఇద్దరం రాళ్లకుప్ప పక్కన కూర్చున్నాం.

చెప్పాల్సిందంతా చెప్పాను. టికెట్ నీకేనన్నాను. ఈసారి ఎవరూ అడ్డం రారన్నాను. ఓట్లు పడతాయన్నాను.

"పడ్తయి. నాకెరుకనే. అప్పుడు కూడ పడుతుండె" అన్నాడు.

"మరింకేంది?"

చేతుల దుమ్ము దులుపుకున్నాడు.

"అప్పుడు నేను నిలబడి ఓడిపోయినా, మా పొలం ముచ్చట ఊరూరికి చెప్పేటోణ్ణి. దొరకు జర భయముంటుండె, మావోళ్లకు జర ధైర్యముంటుండె. ఇప్పుడు గెల్చి ఏ పొలం ముచ్చట చెప్పాలె అన్నా? ఎవలకోసం చెప్పాలె? ఆ మళ్లు దున్నినోళ్లే లేకపాయె."

తప్పయిందని చెప్పాను. ఆ రోజు బండి దిగకపోవడం తప్పయిందని పేరు పెట్టి చెప్పాను. తలూపాడు. ఒప్పుకున్నట్టో, విన్నట్టో తెలియలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ తరువాత కూడా నా నోటి నుంచి వచ్చింది ఉద్యోగపు మాటే. "అయితే ఇక్కడ ఎవరికిస్తే బాగుంటది ఏసోబూ?" అని అడిగాను.

అతను కోప్పడలేదు. పార్టీ ఇంకా తనదే అనుకుంటున్నాడు, నాకంటే ఎక్కువగా.

"గది మేం కూసొని మాట్లాడుకుంటం. మిగిలినోళ్లం ఉన్నం గదా, కాపులు, గొల్లలు అందరం. తేలినంక వరంగల్‌కు మనిషిని పంపుతం" అన్నాడు. సుత్తె చేతిలోకి తీసుకుని, నా వైపు చూడకుండా అన్నాడు. "నువ్వు మాత్రం ఊర్లెకు రాకన్నా. నిన్ను చూస్తే మావోళ్లు నోరు తెర్వరు."

నేను అక్కడి నుంచే వెనక్కి తిరిగాను. కొన్నాళ్లకు వాళ్లు మనిషిని పంపారు. అతను చెప్పిన పేరునే మాట మార్చకుండా పార్టీకి అందించాను. నేను పని చేసినన్నాళ్లలో జనగామ వైపు నుంచి ఊరి మాట ఉన్నది ఉన్నట్టుగా వచ్చింది ఆ ఒక్కసారే. దాన్ని తెచ్చింది నేను కాదు.